సుజాతక్క గోడవైపు తిరిగేది

నిన్న ఏదో కార్డుకి లామినేషన్ చేయిస్తుంటే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన ముక్కుకి గుప్పున తగిలింది. ఆ వాసనొస్తే చాలు, పెందుర్తిలో సుజాతక్క నడిపిన జిరాక్స్ షాపు గుర్తొస్తుంది నాకు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు అక్కడ టైపింగ్ చేశాను. మాట పెళుసు, మనసు వెన్న అంటారే, అక్కలో ఆ వెన్న కనిపించడానికి నాకు చాలా రోజులే పట్టింది.

అర్జీలు, ఆసుపత్రి రిపోర్టులు, కోర్టు కాగితాలు స్కాన్ చేయించుకోవడానికి జనం వచ్చేవారు. పనవగానే అక్క వాటిని మా కంప్యూటర్లోంచి చెరిపేసేది. పరాయి కంట పడకూడనివైతే పెన్ డ్రైవ్ మొత్తాన్నీ పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేనట్టు ఎన్‌క్రిప్ట్ చేసి ఇచ్చేది. "పాస్‌వర్డ్ కొడితే మళ్లీ మినపగుండ్లు. మర్సిపోనావా, రుబ్బీసిన పిండే. అందులోంచి గుండ్లు ఏరడం నా వల్ల కూడా కాదు," అని ముందే చెప్పేది. వాళ్లు పాస్‌వర్డ్ కొట్టే వేళకి తన కుర్చీ వాళ్లకిచ్చి, లేచి గోడవైపు తిరిగి నిలబడేది. నన్నూ తిరగమనేది. ఇద్దరం బడిలో శిక్షపడ్డ పిల్లల్లా అలా నిలబడితే నాకు నవ్వాగేది కాదు.

"మనం చూస్తే ఏమవుతుందక్కా? ఎవరికైనా చెప్తామా ఏంటి?" అన్నాను ఓసారి.

"నాకు అబద్ధం రాదే. ఆడినానంటే నా మొకమే పట్టిచ్చీస్తాది. అసలు తెల్దనుకో, ఆడక్కర్లేదు కదేటి?"

ఒకరోజు గాజువాక నుంచి ఒకావిడ వచ్చింది. తెలిసినవాళ్లు తగలకూడదని అంత దూరం వచ్చింది. భర్త కొట్టిన దెబ్బల ఫోటోలు, డాక్టరు చీటీలు, అతని బెదిరింపుల రికార్డింగులు ఆవిడ దగ్గరున్నాయి. అవేమిటో అతనికి తెలిసేలోపు ఆవిడ ఇల్లు దాటాలి. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పాస్‌వర్డ్ కొట్టింది. అక్క గోడవైపు తిరిగింది. నేను మెడ సగమే తిప్పాను. చూడొద్దన్న చోటికే కదా కళ్లు పోయేది.

వారం తిరక్కుండా భర్త దిగాడు. అతని చేతిలో ఆ పెన్ డ్రైవ్, మా షాపు ముద్రున్న కవరు.

"మా ఆవిడదేనండి. పాస్‌వర్డ్ మర్చిపోయిందంట. కాస్త తెరిచి పెట్టండి," అన్నాడు మర్యాదగా.

"దాని పాస్‌వర్డ్ మాకు తెల్దు బాబూ," అంది అక్క.

"మీరు చేసిచ్చిందే కదండీ, తెలీకపోవడమేంటి?" అతని గొంతు మారింది. నావైపు తిరిగాడు. "ఈ అమ్మాయికి తెలుసేమో!"

నేను కీబోర్డు మీదికి తల దించేశాను. అక్క మా ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది.

"దానికీ తెల్దు. మా షాపులో ఎవులికీ తెల్దు. కావాలంటే నా మొకం సూడు."

చూశాడు. ఆ మొహంలో దాపరికం ఆవగింజంత కూడా లేదు. గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నా దొంగ చూపు అక్క నిజం చాటున దాక్కుని బతికిపోయింది.

అతను సందు మలుపు తిరగ్గానే, ఆ పాస్‌వర్డ్ చూసేశానని అక్కకి చెప్పేశాను. చెంప పగలగొడుతుందనుకున్నాను.

"అయితే ఇయ్యాల నా సేత అబద్ధమాడించీసినావన్నమాట," అంది. అంతే. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. తరవాత ఆ గాజువాక ఆవిడకి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. "నువ్వే సెప్పు."

చెప్పాను. ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఆయనకి చెప్పలేదు కదమ్మా?"

"లేదండీ."

"ఇంకెప్పుడూ చెప్పకు."

కాగితాల ఇంకో కాపీ అప్పటికే లాయరు దగ్గరుంది. మర్నాడే ఆవిడ పుట్టింటికి చేరింది, కేసూ నిలబడింది. అక్క మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. ఆ తరవాత కూడా గోడవైపు తిరిగేది కానీ, నేను తిరిగానో లేదో ఒక్కసారి కూడా చూసుకోలేదు. అలా నమ్మినందుకు ఆవిడంటే నాకు ప్రాణం.

అక్క పోయి మూడేళ్లయింది. ఆ పెన్ డ్రైవ్ ఇంకా అతని దగ్గరే ఉండి ఉంటుంది. మా అమ్మ పాత ఫోన్ నంబరు మరిచిపోయాను, నా హాల్ టికెట్ నంబరు మరిచిపోయాను. ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టిన ఆ పాస్‌వర్డ్ మాత్రం, ఎంత ప్రయత్నించినా మరిచిపోలేకపోతున్నాను.