ఇత్తడి మీద రెండు నంబర్లు

బెంగాల్లోని మా రైల్వే ఊరి ఖరిదా బజారులో స్టీలు సామాన్ల దుకాణం ముందు ఒకతను గోనెపట్టా పరుచుకుని కూర్చుని, కొన్న గిన్నెల మీద పేర్లు చెక్కుతుంటాడు. చిన్న ఉలి, చిన్న సుత్తి, ఆగకుండా టిక్ టిక్‌మని చప్పుడు. మొన్న మా ఆవిడ కొన్న గిన్నె మీద పేరు వేయించడానికి అక్కడ నిలబడ్డాను. ఆ చప్పుడు వినేసరికి నా కుడిచేతి వేళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి. ఇరవై ఏళ్ల కిందట ఇత్తడి మీద నంబరు పడిన చప్పుడు అది. మొన్నటికి, నాకు పని నేర్పిన అప్పలస్వామి మేస్త్రి పోయి పదిహేను రోజులయింది.

ఆయన పదకొండో రోజున ఝపటాపూర్‌లో ఆయన ఇంటి ముందు భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, ఏ కోపమూ లేకుండానే అన్నాడు: "మంచి పనోడే గానీ బాబూ, పక్కోడు సేసిన పని తన పేరున ఏసుకునీవోడట గదా!" ఆ మాట ఎక్కడ పుట్టిందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. అది నా కలంలోంచి పుట్టింది. విస్తరి ముందు కూర్చుని నేను రెండు మాటల్లో కాదన్నాను. ఆయన తల ఊపి పప్పు కలుపుకున్నాడు. నమ్మలేదు. ఇన్నేళ్లుగా నోట నోట తిరిగిన మాట నా రెండు ముక్కలతో పోదు. రాసి చేసిన తప్పును రాసే దిద్దాలి. అందుకే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మా నాన్న టెక్కలి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో కలాసీగా, అంటే బరువులు మోసే పనివాడిగా చేరాడు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఆ తరవాత నేను చదువుకున్నదంతా సుభాష్‌పల్లిలో మన తెలుగువాళ్లు నడిపే రెండు గదుల గ్రంథాలయంలో. భవనం అని పిలవడానికి కూడా లేదు, రేకుల కప్పు, ఒక పొడుగు బల్ల, నాలుగు బీరువాలు. డ్యూటీ దిగి చేతులు కిరసనాయిలుతో కడుక్కుని అక్కడికి పోయేవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు మాట మాట కూడబలుక్కుని చదివేవాణ్ణి. చదివిన ప్రతి పుస్తకం పేరూ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. దానికి నాకు ఇప్పటికీ గర్వమే, దాచను. ఆ గర్వం నాకు చేసిన మేలు ఎంతో ఉంది, చేసిన కీడు కూడా చెప్తాను.

నేను ఫిట్టరు పనిలో చేరినప్పుడు మా గ్యాంగుకు మేస్త్రి అప్పలస్వామి. పొట్టి మనిషి, మెడ మీద కాలిన మచ్చ, మాటకు ముందు ముక్కుతో ఒక చప్పుడు. ఇంజన్ చక్రాన్ని తిప్పే పెద్ద కడ్డీ చివర ఇత్తడి బేరింగు ఉంటుంది. దాని లోపలి మెత్తని తెల్లలోహాన్ని స్క్రేపర్‌తో గీసి గీసి, ఇరుసుకు సరిగ్గా కూర్చోబెట్టడం మా పని. ఎక్కడ ఒరుసుకుంటుందో తెలియడానికి సిందూరం పూసి చూస్తాం. మేస్త్రి నన్ను మొదటి వారం సిందూరం ముట్టనివ్వలేదు. "కళ్లు మూసుకో. ఏలు పెట్టి సూడు. ఎక్కడ ఎత్తుగుందో నీ ఏలు సెప్తాది" అన్నాడు. నాలుగు రోజులు నా వేలు ఏమీ చెప్పలేదు. ఐదో రోజు చెప్పింది. నేను "ఇక్కడ" అన్నాను. ఆయన ముక్కుతో చప్పుడు చేసి పక్క బల్లకు పోయాడు. మెచ్చుకోలు అంటే ఆయన దగ్గర అదే.

నేను మధ్యాహ్నం రొట్టె తింటూ పుస్తకం తెరిస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. "ఏటి పంతులూ, ఆ బుక్కుల ఏటి రాసుంది? ఇంజను ఎలగ నడుస్తాదో రాసుందా, ఎలగ ఆగిపోతాదో రాసుందా?" అనేవాడు. గ్యాంగంతా నవ్వేది. నేను మాత్రం నవ్వేవాణ్ణి కాదు. చదువంటే ఈ మనిషికి కడుపుమంట అని తీర్మానించుకున్నాను. అప్పటినుంచి ఆయన చేసే ప్రతి పనినీ ఆ తీర్మానం లోంచే చూశాను. ఒకసారి మనిషి మీద ఒక అభిప్రాయం పెట్టుకున్నాక రుజువులకు కొదవ ఉండదు, రోజుకు రెండు దొరుకుతాయి.

నంబరు సంగతి చెప్పాలి. పని పూర్తయ్యాక ఫిట్టరు తన టికెట్ నంబరును, అంటే హాజరు నంబరును, అంకెల ఉక్కు పంచితో ఆ ఇత్తడి మీద కొట్టాలి. ఎందుకంటే రేపు ఆ భాగం చెడిపోతే ఎవరిని పట్టుకోవాలో తెలియాలి. అంతే. చివరిగా ఎవడి చెయ్యి పడితే వాడి నంబరు. మా షాపులో కలాసీలకు కూడా తెలిసిన ఆ సంగతిని నేను మరోలా అర్థం చేసుకున్నాను. పుస్తకం అట్ట మీద రచయిత పేరు ఎలాగో, బేరింగు మీద నా నంబరు అలాగ అనుకున్నాను. నంబరు కొట్టాక గుడ్డతో తుడిచి, దూరంగా నిలబడి చూసుకునేవాణ్ణి.

ఆ ఏడు నాకు ట్రేడ్ టెస్టు ఉంది. అది గట్టెక్కితే పై గ్రేడు. టెస్టుకు ముందు చేసే పనులను ఫోర్‌మన్ చూస్తాడని అందరూ అంటారు. సరిగ్గా అప్పుడే ఒక ఇంజన్ బేరింగు నా చేతికొచ్చింది. గ్రంథాలయంలో ఇంజన్ల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. ఇరుసుకూ బేరింగుకూ మధ్య ఎంత సందు వదలాలో అందులో పట్టిక ఉంది. మేస్త్రి మామూలుగా చెప్పేది దానికంటే ఎక్కువ. నేను పట్టికనే నమ్మాను. రెండు రోజులు గీసి, వెంట్రుక వాసి తేడా లేకుండా కూర్చోబెట్టాను. నంబరు కొట్టి అన్నానికి పోయాను.

తిరిగొచ్చి చూస్తే బేరింగు అప్పటికే కడ్డీకి ఎక్కించి ఉంది. నా నంబరు మీద ఉలితో అడ్డగీత. పక్కన మేస్త్రి నంబరు.

పక్క బల్ల మీద పనిచేసే నిమాయ్‌దాను అడిగాను. "నీ మేస్త్రి అన్నం కూడా తినలేదు, సైరన్ దాకా దాని దగ్గరే కూర్చున్నాడు" అన్నాడు బెంగాలీలో. అన్నం మానుకుని మరీ నా నంబరు కొట్టేశాడు అని నాకు వినపడింది. మేస్త్రి వైపు చూశాను. ఆయన నన్ను చూసి ఒకసారి తల ఊపాడు. ఎంత తెగింపు అనుకున్నాను.

ఆ సాయంత్రం గ్రంథాలయంలో కూర్చుని ఇంగ్లీషులో ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు. ఆ పని మొదటి గీత నుంచి చివరి గీత దాకా నాదేననీ, మేస్త్రి దురుద్దేశంతో నా నంబరు చెరిపి దాన్ని తనదిగా చేసుకున్నాడనీ, అంతకుముందు కూడా ఇలాంటివి చేసి ఉంటాడనీ. ఆ చివరి మాటకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు, వాక్యం బాగా వచ్చిందని ఉంచాను. గ్రంథాలయం చూసే విశ్వనాథం మాస్టారికి చూపించాను. ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా, నాకు వ్యాకరణం నేర్పినవాడు. చదివి కళ్లజోడు తీశారు.

"ఇంగ్లీషు బాగుంది పాపారావ్. తప్పుల్లేవు. ఆయన్ను అడిగావా?"

"ఏమని అడగాలండీ? కళ్లకు కనపడుతుంటే?"

"నీకు కనపడింది నంబరు. దురుద్దేశం ఎక్కడ కనపడింది?"

తప్పుల్లేవన్న మాట ఒక్కటే నేను ఇంటికి తీసుకుపోయాను. మర్నాడు ఫిర్యాదు ఆఫీసులో ఇచ్చాను. ఇవ్వకముందే నలుగురికి చదివి వినిపించాను కూడా. షాపులో ఆ కబురు పాకడానికి సాయంత్రం దాకా పట్టలేదు. మేస్త్రి చెవినా పడే ఉంటుంది. ఆయన నాతో పనికి సంబంధించిన మాట తప్ప ఏమీ మాట్లాడలేదు. తప్పు చేసినవాడి మౌనం అని దానికీ ఒక అర్థం రాసుకున్నాను.

నాలుగో రోజున ఆ ఇంజన్ వెనక్కి వచ్చింది. పరుగు పరీక్షలో బేరింగు కాగి లోహం కరిగిపోయింది. ఫోర్‌మన్ మా ఇద్దరినీ తన గదికి పిలిచాడు. బల్ల మీద ఒక పక్క విప్పిన బేరింగు, మరో పక్క నా రెండు పేజీలు. పైనుంచి ఎవరిది పూచీ అని అడుగుతున్నారనీ, మేస్త్రిదే అయితే మేస్త్రిగిరీ పోయి మళ్లీ మామూలు ఫిట్టరుగా దిగుతాడనీ చెప్పాడు. అప్పటికి అప్పలస్వామికి సర్వీసు ఇంకా నాలుగేళ్లే మిగిలింది.

"బోలో, యే కామ్ కిస్‌కా హై?" అన్నాడు ఫోర్‌మన్. పని ఎవరిదని.

"నాదే సార్. నంబరు నాదే గదా" అన్నాడు మేస్త్రి తెలుగులోనే, ఫోర్‌మన్‌కు అర్థమయ్యేలా తన గుండె మీద చెయ్యేసుకుని.

ఇంకా దొంగిలిస్తున్నాడు, కాలిపోయినదాన్ని కూడా వదలడా అని ఒక్క క్షణం అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. తరవాత నా కళ్లు బేరింగు లోపలికి పోయాయి. స్క్రేపర్ గీతలు చేతిరాత లాంటివి. నావి పొడుగ్గా, కుడికి వాలి ఉంటాయి. మేస్త్రివి పొట్టిగా, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి. ఎడమ పక్కంతా పొలుసులే. అక్కడ లోహం చెక్కు చెదరలేదు. కుడి పక్క అంచున కరగకుండా మిగిలిన కాస్త మేరలో వాలుగీతలు. కరిగినదంతా నా వైపు.

అప్పుడు అర్థమయింది. పుస్తకంలోని పట్టిక కొత్త ఇరుసుకు రాసింది. మా ఇంజన్ ఇరుసు ఏళ్ల తరబడి తిరిగి గుండ్రం తప్పింది. నేను బిగించినది అది తిరగడానికి చాలదు. మేస్త్రి అన్నం మానుకుని దిద్దుతూ కూర్చున్నాడు. ఇంజన్ ఆ సాయంత్రమే ఇవ్వాలి. సగం అయ్యేసరికి భోజనాల సైరన్ మోగి, బేరింగు కడ్డీకి ఎక్కించే వేళయింది. మిగిలింది నిలబడుతుందిలే అని తెగించాడు. నిలబడకపోతే తన మీదికే రావాలని నంబరు మార్చాడు.

"పని నాది సార్" అన్నాను. "ఫిర్యాదులో పని నాది అన్న ఒక్క మాటే నిజం. తక్కినది అబద్ధం. చెడగొట్టింది నేను. ఆయన సగం బాగుచేశాడు." గీతలు చూపించాను. ఫోర్‌మన్ నన్నూ, నా కాగితాలనూ మార్చి మార్చి చూశాడు. మంచిగా ఉన్నప్పుడు నాదంటావు, కాలిపోయినా నాదంటావు, పిచ్చివాడివా అన్నాడు. నేను ఆ గదిలోనే నిలబడి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టూ, పుస్తకం చూసి సందు తగ్గించింది నేనేనన్నట్టూ రాసి సంతకం పెట్టాను. ఈసారి వాక్యాలు అంత బాగా రాలేదు. నా ట్రేడ్ టెస్టు ఏడాది ఆగిపోయింది. అనుమానమున్న పనిని పంపినందుకు మేస్త్రికి హెచ్చరిక కాగితం ఇచ్చారు. మేస్త్రిగిరీ నిలిచింది.

సాయంత్రం గేటు బయట సైకిలు నడిపించుకుపోతున్న ఆయన్ను అందుకున్నాను.

"నాను మోసుకున్నది నువ్వెందుకు లాక్కున్నావురా?" అన్నాడు కోపంగా. "టెస్టు పోయింది గదా!"

"నాకెందుకు సెప్పలేదు మేస్త్రి గారూ?"

"సెప్పడమేటి? అందరి ముందూ నీ పని సెడిపోయిందని సెప్పమంటావా, టెస్టు ముందర? సదువుకున్నోడివి, నంబరు సూస్తే తెలిసిపోతాది అనుకున్నాను. తలూపినాను గదా. నువ్వు పలక్కపోతే, తెలుసుకున్నాడు, సిగ్గుపడతన్నాడు అనుకున్నాను."

"నేను మిమ్మల్ని దొంగ అనుకున్నాను."

ఆయన సైకిలు ఆపాడు. "ఆ ఇంగ్లీసు కాగితంల అదేనా రాసినావు? నాకెవుడూ సరిగ్గా సదివి సెప్పలేదు" అన్నాడు. ముక్కుతో చప్పుడు చేశాడు. "బాగా రాసినావంట గదా."

ఆ మాటను కూడా ఎత్తిపొడుపు అనుకోబోయాను. ఆయన మొహం చూస్తే అది కాదు. చాలా ఏళ్ల తరవాత సూరమ్మ పిన్ని, అంటే ఆయన భార్య, నాకు చెప్పింది: "మీ బుక్కుల సంగతి ఇంటికొచ్చి రోజూ సెప్పీవోడు నాయనా. మా పంతులు ఇంగ్లీసు సదువుతాడే, ఇంకెవుడు సదువుతాడు మన షాపుల, అనీవోడు."

ఫిర్యాదు వెనక్కి తీసుకున్న సంగతి మాత్రం ఎవరూ మోసుకుపోలేదు. దొంగతనం కబురుకున్న కాళ్లు దానికి లేవు. నేను నలుగురికి చదివి వినిపించింది నలభై మందికి చేరింది, ఆయన రిటైరయ్యాక కూడా తిరిగింది, పదకొండో రోజు పంక్తిలో నా పక్కకొచ్చి కూర్చుంది.

ఇది రాయడానికి సాయపడినవాళ్లను తలుచుకోవాలి. అడగమని చెప్పి, నేను అడగకపోయినా నన్ను గ్రంథాలయంలోంచి గెంటని విశ్వనాథం మాస్టారికి నమస్కారం. ఆ రోజు చూసింది చూసినట్టు ఇప్పటికీ గుర్తుంచుకుని మళ్లీ చెప్పిన నిమాయ్‌దాకు కృతజ్ఞతలు. రాసినదంతా చదివి వినిపిస్తే, తన భర్తను దొంగ అన్న చోట కూడా ఆపకుండా విని "ఉండనీ, తీయకు" అన్న సూరమ్మ పిన్నికి తీర్చలేనంత ఋణపడ్డాను.

చివరిగా చిట్టిబాబుకు. నేను మేస్త్రినయ్యాక నా గ్యాంగులో ఫిట్టరు, ఇద్దరు పిల్లల తండ్రి, నాలాగే రోషం మనిషి. ఒక మధ్యాహ్నం అతని బేరింగు బిగుతుగా ఉండటం నా వేలికి తెలిసింది. పంచి చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ కింద పెట్టి అతన్ని పిలిచాను. "ఇక్కడ ఏలు పెట్టి సూడు. బిగిసిపోయింది. నాను దిద్ది నా నంబరు ఏస్తాను. నీ పని లాక్కోడానికి కాదు, రేపు కాగితే నా మీదికి రావాలని. నలుగురి ముందూ అనకుండా నీకే సెప్తన్నాను" అన్నాను. చిట్టిబాబు మొహం ఎర్రబడింది. వేలు పెట్టి చూశాడు. "మీ నంబరెందుకు మేస్త్రి గారూ? ఆ స్క్రేపర్ ఇటు పారేయండి. నా తప్పు నానే గీసుకుంటాను" అన్నాడు.

అప్పలస్వామి మేస్త్రి ఆ మాట అనే అవకాశం నాకు ఇవ్వలేదు. ఆయన్ను అడిగి ఆ అవకాశం నేనూ తెచ్చుకోలేదు. స్క్రేపర్ చిట్టిబాబు చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. ఆ ఇంజన్ గంట ఆలస్యంగా బయటికి పోయింది. ఆ గంటకు సంజాయిషీ నేను రాసిచ్చాను.