డబ్బాలో ఏనుగు

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి రాని పనంటూ ఉండదు. కనీసం నాకు అలాగే అనిపించేది. జనగామలో అక్క ఇంట్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నానని చెప్పుకొనే కాలమది. (చదివింది తక్కువ, చెప్పుకొన్నది ఎక్కువ.) బావకు చెల్పూర్‌లో డ్యూటీ, వారానికోసారి వచ్చేవాడు. ఇంతలో అక్క అత్తగారు కాలు విరిగి మహబూబాబాద్ దవాఖానలో చేరారు. అక్క బయలుదేరుతూ యూకేజీ చదివే మేనకోడలిని నాకు అప్పగించి, "తమ్మీ, మొన్న జరమొచ్చి పిల్ల సగమైంది. బడిల కడుపునిండ తినాలె, గంతే" అంది. "నువ్వు పరేషాన్ కాకు అక్కా, నేను చూసుకుంట" అన్నాను.

ఫోన్‌లో వీడియోలు చూసి రంగంలోకి దిగాను. సోమవారం ఇడ్లీకి మిరియాల కళ్లు, క్యారెట్ తొండం పెట్టి ఏనుగును చేశాను. మంగళవారం చపాతీ సీతాకోకచిలుక, బుధవారం పూరీ తాబేలు. (తల కాస్త మాడింది.) సాయంత్రం డబ్బా కడిగినట్టు ఖాళీగా వచ్చేది. "నీ వంట కన్న మంచిగ తింటుందే" అని అక్కకు ఫోన్‌లో గొప్పలు పోయాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శుక్రవారం పొద్దున బడి గేటు దగ్గర ఒకామె నన్ను ఆపింది. తండా నుంచి కూతురిని దింపడానికి వచ్చింది. ఆ కూతురు మా పిల్లకు సోపతి.

"తమ్మీ, వంట రాకుంటే చెప్పరాదు? పిల్ల రోజు వట్టి డబ్బా తెస్తుందట. మా బిడ్డ చెప్పినకాన్నుంచి జొన్నరొట్టె ఒకటి ఎక్కువ పెడుతున్న. టమాట తొక్కుతోని ఇద్దరు మంచిగ తింటున్నరు."

గబగబా మా పిల్ల డబ్బా తీసి చూశాను. పొద్దున సర్దిన కుందేలు లేదు.

"కుందేలేది బిడ్డా?"

"ఇంట్ల పండుకున్నది మామా. ఏనుగు పక్కకు."

ఇంటికి పరుగెత్తి మంచం కింద వెతికితే చెప్పుల డబ్బాలో అన్నీ వరసగా పడుకుని ఉన్నాయి, పైన నా చేతిరుమాలు కప్పుకుని. నేను అద్దం ముందు క్రాపు దువ్వుకునే ఐదు నిమిషాల్లో రోజూ జరుగుతున్న పని అది. ఏనుగుకు బూజు పట్టింది. సాయంత్రం అడిగితే, "ఏనుగు మనల్నే చూస్తుంటే ఎట్ల తింటరు మామా?" అంది పిల్ల.

నవ్వాను గానీ, ఆ రొట్టె లేకపోతే వారమంతా పిల్ల పస్తే కదా! అక్కకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, తిట్లు తిన్నాను. సోమవారం పప్పన్నం కలిపి ఇద్దరికి సరిపడా పెట్టాను.

ఇప్పుడు నా చిన్న కూతురికి డబ్బా సర్దుతున్నా చెయ్యి ఒకరికి ఎక్కువే పెడుతుంది. "ఎవలకు నాయినా గిదంత?" అని అది విసుక్కుంటుంది.

"ఎవల ఇంట్లనన్న నా అసొంటి మామ ఉంటడు బిడ్డా" అంటాను.