దిగని గోధుమలు

నలభై ఒక్క రోజులు నేను మ్యాప్ మీద ఒక ఆకుపచ్చ చుక్కను చూస్తూ గడిపాను. ఆ చుక్క నా తమ్ముడి ఓడ. ఏ ఓడ ఎక్కడుందో చూపించే వెబ్‌సైట్లు ఉంటాయి. అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో మా ఇంటి మేడ మీది గదిలో ఒక మానిటర్ మీద ఆఫీసు పని, ఇంకో మానిటర్ మీద ఆ మ్యాప్. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆ రోజుల్లో ఎన్ని తప్పులు నా కళ్ళ ముందునుంచి వెళ్ళిపోయాయో మా మేనేజర్‌కు తెలియకపోవడం నా అదృష్టం.

తమ్ముడు సరుకు ఓడలో సెకండ్ ఇంజనీరు. విశాఖలో మా వీధిలో ఓడల మీద పనిచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాడు సముద్రం మీదికి వెళ్తున్నాడంటే మాకు ఊరెళ్తున్నట్టే ఉంటుంది. ఈసారి గోధుమలు వేసుకుని ఒక పరాయి దేశపు రేవుకు వెళ్ళారు. రేవులో ఓడను గట్టుకు కట్టిన మూడో రోజున యుద్ధం ఆ ఊళ్ళోకి వచ్చింది.

ఆ దేశంలో అప్పటికే రెండేళ్ళుగా అంతర్యుద్ధం. రేవు ప్రభుత్వ సైన్యం చేతిలో ఉంది. ఊరి వెనక కొండ, లోపలి జిల్లాలకు వెళ్ళే రోడ్డు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్నాయి. దేశం తినే తిండిలో చాలా భాగం అక్కడే దిగుతుంది కాబట్టి ఆ రేవు కోసం ఇద్దరూ చావడానికైనా సిద్ధమే. క్రేన్లు నడిపేవాళ్ళు పారిపోయారు. సరుకు దించితే గానీ ఓడను వదలమని సైన్యం కూర్చుంది. దించేవాడు లేడు, కదలనిచ్చేవాడు లేడు. మధ్యలో ఇరవై ఇద్దరు మనుషులు, వాళ్ళలో ఒకడు నా తమ్ముడు.

"ఏటీ అవదక్కా, బెంగెట్టుకోకు," అనేవాడు సిగ్నల్ దొరికినప్పుడు. "ఇద్దరికీ రేవు కావాలి కదా. రేపు తనకి పనికొచ్చేదాన్ని ఎవడు పాడుచేసుకుంటాడు?"

రేవు పక్క గోదాము మీద షెల్ పడేదాకా నేను ఆ మాట పట్టుకునే ఉన్నాను. ఆ తర్వాత వాడు ఆ మాట అనడం మానేశాడు. "భోంచేశావా" అని నేనడిగితే "చేశాను" అనేవాడు.

అంతకుముందు ఆ దేశం ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియని నాకు, నెల తిరిగేసరికి ఆ ఊళ్ళో ఏ వంతెన ఎవరి చేతిలో ఉందో నోటికొచ్చేసింది. ఒక పుట్టినరోజు పార్టీలో ఒకాయన పనీర్ ముక్కకు టూత్‌పిక్ గుచ్చుతూ, "లాజికల్‌గా చూస్తే రెబెల్స్ పోర్ట్ తీసుకోవడమే బెటరండీ, వార్ తొందరగా ఎండ్ అవుతుంది," అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ప్లేటు అక్కడే పెట్టేసి కారులో వెళ్ళి కూర్చున్నాను. మా ఆయన వెనకే వచ్చి కారు స్టార్ట్ చేశాడు.

నాతో ఆ ఊరి గురించి సరిగ్గా మాట్లాడిన మనిషి ఒక్కడే, మేం మేకమాంసం కొనే కొట్టు ఆయన. అరవై దాటి ఉంటాయి. శనివారం పొద్దున అక్కడ లైనంతా మనవాళ్ళే. ఎముకతో సహా చిన్న ముక్కలు కావాలని మేం పెట్టే పోరు ఏళ్ళ తరబడి భరించి, ఇప్పుడు మమ్మల్ని చూడగానే తనే "చిన్న ముక్కలేనా?" అని ఇంగ్లీషులో అడుగుతాడు. ఓ శనివారం లైన్లో నిలబడి ఫోన్లో మ్యాప్ చూస్తుంటే, నా వంతు వచ్చినట్టు కూడా గమనించలేదు. ఆయన కౌంటర్ మీదినుంచి వంగి చూసి, కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"ఈ గోడ పక్కనే నేను ఈత నేర్చుకున్నాను," అన్నాడు, అలలకు అడ్డంగా కట్టిన గోడ మీద వేలు పెట్టి.

ఆయన అక్క ఇంకా ఆ ఊళ్ళోనే, రేవుకు దూరంగా ఒక కొసన ఉంది. రేవును ఆనుకుని ఒక పిండి మిల్లు ఉందట. ఓడలో గోధుమలు దిగితే మిల్లు నడుస్తుంది, మిల్లు నడిస్తే జనం లైను కట్టి పిండి తెచ్చుకుంటారు. మూడు వారాలుగా మిల్లు మూతపడి ఉంది.

అప్పటినుంచి ప్రతి శనివారం నేను ఓడ కబురు చెప్పేదాన్ని, ఆయన ఊరి కబురు చెప్పేవాడు. "దించారా, సిస్టర్?" అని అడిగేవాడు. "ఇంకా లేదు," అనేదాన్ని. నా తమ్ముడి కోసం రోజూ ప్రార్థన చేస్తున్నానని ఆయన చెప్పినప్పుడు నాకు సిగ్గేసింది. సరుకు దిగేదాకా ఆ ఓడ కదలకూడదని ఆయనకుంటుంది. దిగినా దిగకపోయినా కదిలితే చాలని నేను కోరుకుంటున్నాను. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు.

నలభై ఒకటో రోజున, ఒక మీటింగ్ మధ్యలో, చుక్క కదిలింది. ఆరు గంటలు కాల్పులు ఆపారని, ఆ ఆరు గంటల్లో విదేశీ ఓడలను వదిలేశారని తర్వాత తెలిసింది. కెమెరా ఆపి ఏడ్చాను. సాయంత్రం వాడు ఫోన్ చేశాడు.

"సరుకు?" అన్నాను.

"అలాగే ఉందక్కా. ఒక్క గింజ దిగలేదు. మేం తాళ్ళు విప్పుతుంటే గట్టు మీద జనం వచ్చి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. ఊరికే చూశారు."

శనివారం మా ఆయన, "వేరే షాప్‌కి డ్రైవ్ చేద్దామా? నువ్వు చేసిన తప్పేముంది ఇందులో," అన్నాడు. నిజమే, ఏమీ లేదు. అయినా నేను ఒక్కదాన్నే అదే కొట్టుకు వెళ్ళాను.

నా మొహం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. "బయటపడ్డాడా?" అన్నాడు. తలూపాను. కౌంటర్ దాటి ముందుకొచ్చి, నా చెయ్యి పట్టుకోబోయి, మాంసం అంటిన తన చేతులు చూసుకుని ఆగిపోయాడు. చాలా సంతోషపడ్డాడు. అంత సంతోషపడకుండా ఉంటే బాగుండేదనిపించింది నాకు.

"అయితే దించేశారన్నమాట," అన్నాడు.

"దించేశారు," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. అలసిపోయి ఉన్నాను. ఆ మొహం మారడం చూసే ఓపిక నాకు లేదు. ఆయన వెంటనే ఏప్రన్ జేబులోంచి ఫోన్ తీశాడు. "మా అక్కకు చెప్పాలి. పొద్దున్నే మిల్లుకు వెళ్ళి నిలబడితే ముందు వరుసలో ఉంటుంది."

ఆ మిల్లు రోడ్డు మీదికి కొండపై నుంచి తుపాకులు గురిపెట్టి ఉన్నాయి. ఆ సంగతి నాకు నోటికొచ్చు. అవతల రింగవుతోంది. ఒక ముసలి గొంతు పలికింది.

"వద్దు. వెళ్ళొద్దని చెప్పండి," అన్నాను. "దించలేదు. ఏమీ దించలేదు. నేను అబద్ధం చెప్పాను."

ఆయన నన్ను చూస్తూనే ఫోన్లో వాళ్ళ భాషలో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడు. వెనక లైన్లో ఎవరో ఇంకెంతసేపని గొణిగారు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. చాలాసేపు కత్తి తుడుస్తూ నిలబడి, "చిన్న ముక్కలేనా?" అని అడిగాడు.

తమ్ముడు ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. నేను మాత్రం ఇంకా పొద్దున్నే ఆ మ్యాప్ తెరుస్తున్నాను. ఆ గట్టు దగ్గర ఏ ఓడ చుక్కా లేదు. శనివారం నా వంతు వచ్చినప్పుడు ఆయన కళ్ళతోనే అడుగుతాడు.

"ఇంకా లేదు," అంటాను.