పిసినారి పైలట్

ఆయన్ను విమానాశ్రయంలో అందరూ పిసినారి పైలట్ అనేవారు. ముఖం మీద కాదు లెండి, అయినా ఆయనకు తెలుసు. తెలిసే మీసాల చాటున నవ్వుకునేవారు.

ఇంట్లోనూ అదే వరస. పాలు పొంగుకు రాకముందే స్టవ్ కట్టేసి, మిగతా పని గిన్నె వేడికి అప్పజెప్పేవారు. ఆయన గది దాటడమే ఆలస్యం, వెనకాలే లైటు ఆరిపోయేది. "నేనింకా ఇక్కడే ఉన్నానండీ!" అని చీకట్లోంచి భార్య కేకేసేది.

అల్లుడూ పైలటే. రెండు పంకాల చిన్న విమానంలో మామగారి పక్క సీటు అతనిది. ఆ పొదుపు చూసి మొదట్లో లోలోపల సిగ్గుపడేవాడు.

ఒకరోజు సీట్ల నిండా ప్రయాణికులతో తిరిగొస్తుంటే, సొంత ఊరి రన్‌వేని పొగమంచు మింగేసింది. పైన చక్కర్లు కొట్టి చూశారు, మంచు వీడలేదు. ఇక అవతలి ఊళ్లో దిగడమే దారి. అందుకు సరిపడా పెట్రోలు ఉంచుకున్నారు గానీ, అంత ఎదురుగాలి వస్తుందని ఎవరూ అనుకోలేదు. పెట్రోలు మీటరు ముల్లు చూసి అల్లుడి గుండెల్లో రాయి పడింది.

"మామయ్యగారూ, ఒక ఇంజను ఆపేద్దామా? సగం పెట్రోలు మిగులుతుంది."

"ఒంటికాలి మీద కుంటితే ఆయాసం తగ్గుతుందా అల్లుడుగారూ? ఆగినదాన్ని కూడా రెండోదే ఈడ్చుకెళ్లాలి."

"పోనీ, జోరు పెంచుదాం. అయిపోయేలోగా చేరిపోతాం."

ఆయన జోరు తగ్గించారు. పంకాలను నెమ్మదిగా తిరగనిచ్చారు. ఇంజన్ల గొంతు బొంగురుపోయే దాకా పెట్రోలు తగ్గించి, వెంటనే ఒక్క పిసరు పెంచారు. పైన గాలి బలంగా ఉందని విమానాన్ని కాస్త కిందికి దించారు. చివరికి అల్లుడి తలమీది చిన్న లైటు కూడా ఆర్పేశారు. దానివల్ల చుక్క కూడా మిగలదని ఇద్దరికీ తెలుసు. అంత భయంలోనూ అల్లుడికి నవ్వొచ్చింది.

అవతలి ఊళ్లో చక్రాలు నేలను తాకేసరికి, రెండు ఇంజన్లూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అల్లుడు మామగారి చెయ్యి పట్టుకున్నాడు. ఆ పిసినారితనం మీద అతనికి ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేం.

మంచు వీడాక ఇద్దరూ ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. ప్రతి గదిలోనూ లైటు వెలుగుతోంది, ఎవరూ లేని స్నానాల గదిలో కూడా. క్షేమంగా దిగారని ఎప్పుడో కబురందినా, ఆయన భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

అలవాటుకొద్దీ ఆయన చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. భార్య ముఖం చూసి వెనక్కి తీసుకున్నారు.

"వెలగనివ్వు" అన్నారు మెల్లగా.

ఆమె కళ్లు తుడుచుకుంది. "మీరొచ్చేశాక ఇంకెందుకండీ?" అంటూ, తనే ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ లోపలికి నడిచింది.