జగ్గారావు దవడ

యాభై దాటాక, నమలడం కష్టమై నీలవేణి దవడను వెనక్కి జరిపే ఆపరేషన్ చేయించుకుంది. ముందుకు పొడుచుకొచ్చిన ఆ దవడ చనిపోయిన తండ్రి జగ్గారావుది. అది చూసే జగ్గారావు కూతురని పోల్చుకునేవాళ్లు; రైల్వే కాలనీ నిమ్‌పురాలో ఎవరూ ఆమె పేరు అడిగేవాళ్లు కాదు.

నెలలు గడిచినా కింది పెదవికి, గడ్డానికి స్పర్శ రాలేదు. ఒకరోజు టీకొట్టులో, తండ్రితో రైలింజన్ల షెడ్డులో పనిచేసిన తాతారావు పక్కన కూర్చుంది.

"ఎవులమ్మాయివమ్మా?" అన్నాడాయన.

"జగ్గారావు కూతుర్ని, సిన్నాన్నా."

ఆయన పరకాయించి చూశాడు. "ఆడికి ఒక్కర్తే కూతురు. దాన్ని సిన్నప్పట్నుంచీ ఎరుగుదును నాను."

నీలవేణికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు.

"గెడ్డం మీద టీ కారతంది, తుడుసుకో తల్లీ."

కొంగుతో తుడుచుకుంది. కొంగు తగిలినట్టే లేదు.

"పోయిందా, సిన్నాన్నా?" అని ఆయన్నే అడిగింది.