ఆఖరి పంటు కోసం సర్దిన సంచీ

మా బాబాయ్ సూరిబాబు గారు ఇక లేరు. ఈ చిన్న వాక్యాన్ని కాగితం మీద పెట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ మధ్యాహ్నం ఆయన భోంచేసి, కెమెరా బ్యాటరీలు చార్జింగుకి పెట్టి, వరండాలో వాలుకుర్చీలో కళ్ళు మూసుకున్నారు. నేను ముందుగదిలో కూర్చుని ఆయన తీస్తున్న వీడియోకి వ్యాఖ్యానం సాపు రాస్తున్నాను. టీ పట్టుకెళ్ళిన వరలక్ష్మి పిన్ని "ఏవండీ" అని మళ్ళీ పిలిచినప్పుడు ఆ పిలుపులో ఏదో తేడా వినిపించి లేచాను. నేను వెళ్ళేసరికి పిన్ని గ్లాసు ఇంకా పట్టుకునే ఉంది. ఆయన ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. మృత్యువు చప్పుడు చెయ్యకుండా వస్తుందని చాలాచోట్ల చదివాను. చదవడం వేరు, పక్కగదిలో కూర్చుని కూడా వినలేకపోవడం వేరు.

తణుకు చుట్టుపక్కల వీడియో సూరిబాబు గారంటే తెలియనివారు తక్కువ. మా తాతగారి పిల్లల్లో చేను మొహం చూడనివాడు ఆయనొక్కరే. వీడియో క్యాసెట్లు కొత్తగా వచ్చిన రోజుల్లో భుజాన మోసే పెద్ద కెమెరా కొని పెళ్ళిళ్ళు తీయడం మొదలుపెట్టారు. పొట్ట గడిచేది పెళ్ళిళ్ళతో, ప్రాణం నిలిచేది తిరుగుడుతో అనేవారు. ముహూర్తాలు లేని నెలల్లో సంచీ తగిలించుకుని బస్సెక్కేవారు. ఒక ఊరు దిగి, ఆ ఊళ్ళో మనుషుల్ని వాళ్ళ పనుల్లో వాళ్ళుండగా తీసి, మా ఊరి కేబుల్లో "ఊళ్ళో ఒకరోజు" అని వేసేవారు. మాటలు నేను రాసేదాన్ని. చదివేది ఆయనే. నాచేత చదివించాలని చాలాసార్లు చూశారు గాని, మైకు ముందు నాకు నా పేరే గుర్తుండేది కాదు.

పనిముట్లను ఎంచుకోవడంలో ఆయనకున్న నిదానం నేను మరెవరిలోనూ చూడలేదు. చిన్న కెమెరాలు వచ్చాక ఒకటి కొందామని రాజమండ్రి వెళ్తూ నన్నూ తీసుకెళ్ళారు. కొట్టు కుర్రాయన ఒకటి తీసి, "దీని జూమ్ చూడండి సార్, అవతలి గట్టు మీద కొంగ కళ్ళు కనిపిస్తాయి" అన్నాడు.

"కొంగ దగ్గరికి నేను నడిచెళ్తానండి, కాళ్ళున్నాయి కదా" అన్నారు బాబాయ్. "బయటి మైకు పెట్టుకునే కన్నం ఉందాండి దీనికి?"

ఉందన్నాక కళ్ళు మూసుకుని, బొటనవేలితో మీటలన్నీ తడిమి చూసుకున్నారు. తర్వాత దాన్ని ఎండలోకి పట్టుకెళ్ళి తెరమీద బొమ్మ కనిపిస్తుందో లేదో చూశారు. చివరికి సంచీలో వేసుకుని, జనం నిండిన సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డట్టు ఒంటికాలి మీద నిలబడ్డారు. కొట్టులో అందరూ నవ్వారు. నేను సిగ్గుతో బయటి బోర్డులు చదువుతూ నిలబడ్డాను. తిరుగు ప్రయాణంలో ఆయన అన్నమాట ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను. "సామాను కొట్టులో బాగుంటే చాలదమ్మడూ, బస్సులో బాగుండాలి. తిరిగేవాడికి పనిముట్టు కాలికి చెప్పులాంటిది. అది ఉందన్న సంగతి గుర్తొచ్చిందంటే ఎక్కడో కరుస్తున్నట్టు లెక్క."

మైకు విషయంలో మాత్రం ఎక్కడా రాజీ పడేవారు కాదు. "బొమ్మ మసకైతే జనం ఓర్చుకుంటారు. మాట మసకైతే లేచిపోతారు" అనేవారు. గోదావరి గాలి మైకులో హోరు పెడుతుందని పిన్నిచేత పాత తువ్వాలుతో దానికి టోపీ కుట్టించారు. వానకి యూరియా బస్తా లోపల ఉండే ప్లాస్టిక్ సంచీయే కెమెరాకి గొడుగు. క్యాసెట్లకి చెమ్మ తగలకుండా, వేయించిన బియ్యం చిన్న మూటగట్టి వాటితోపాటు స్టీలు డబ్బాలో పెట్టేవారు. ఒకసారి ఆకలేసి ఆ బియ్యమే తినేశారని పిన్ని ఇప్పటికీ చెబుతుంది. ఇప్పటికీ అంటే, మొన్నటిదాకా.

చిన్న కెమెరాతో కొత్త చిక్కొకటి వచ్చింది. భీమవరం దగ్గర ఒక పెద్దింటి పెళ్ళిలో ఆయన దాన్ని బయటికి తీయగానే పెళ్ళికూతురి తండ్రి ముఖం మాడిపోయింది.

"ఏంటండీ సూరిబాబు గారూ, ఈ అగ్గిపెట్టెతోనా మా అమ్మాయి పెళ్ళి తీసేది? అవతల మా వియ్యాలవారు చూస్తే ఏమనుకుంటారండి?"

"దీంట్లోనే బొమ్మ బాగా వస్తుందండి."

"బొమ్మ తర్వాత సంగతండి. ముందు కెమెరా కనబడాలి కదండీ!"

ఆ రోజు నుంచి ప్రతి పెళ్ళికీ పాత కెమెరాను కూడా మోసుకెళ్ళారు. క్యాసెట్ లేకుండా దాన్ని స్టాండుకెక్కించి, ఎర్రదీపం వెలిగించి, మండపం ఎదురుగా నిలబెట్టేవారు. పెద్దలందరూ దానివైపు తిరిగి కండువాలు సర్దుకునేవారు. ఈయన చిన్నదానితో వంటశాలలోకీ పెళ్ళికూతురి గదిలోకీ తిరిగి అసలు పెళ్ళి తీసుకొచ్చేవారు. "పెళ్ళికి పెద్ద కెమెరా కుటుంబంలో పెద్దమనిషిలాంటిదమ్మడూ. చేసే పనేమీ ఉండదు. కూర్చోబెట్టకపోతే మాత్రం ఊరుకోరు" అని నవ్వేవారు. మేమూ నవ్వాం. ఆ పెద్దమనిషి బరువూ, ఆయన నిలబడే ఇనుప స్టాండు బరువూ ఏళ్ళ తరబడి ఎవరి ఛాతీ మీద పడుతున్నాయో అప్పుడు మాకు తట్టలేదు.

పెద్దాపురం మరిడమ్మ జాతరకి ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. మధ్యలో కరెంటు పోయి బ్యాటరీలు నింపుకోవడం కుదరలేదు. ఉన్న ఒక్క బ్యాటరీలో చివరి గీత మిగిలింది. అవతల తలల మీద అమ్మవారి గరగ కుండలు ఊరేగింపుగా కదులుతున్నాయి, జనం కేకలు వేస్తున్నారు. బాబాయ్ అటు వెళ్ళలేదు. గోడవారన గడ్డిమంట వేసి డప్పు కాచుకుంటున్న ఒక ముసలాయన చేతుల ముందు కూర్చుండిపోయారు. కాచడం, వేళ్ళతో కొట్టి వినడం, మళ్ళీ కాచడం. చప్పుడు కుదిరి ఆయన ముఖం విప్పారిన క్షణాన కెమెరా ఆగిపోయింది. ఊరేగింపు తియ్యలేదేమిటని తర్వాత కేబుల్ వాళ్ళు అలిగారు. "చార్జి నిండా ఉన్నప్పుడు ఎవడైనా అన్నీ తీస్తాడు. మిగిలిన కాస్తా దేనికి ఖర్చుపెట్టావన్నదే నీ సినిమా" అన్నారు నాతో.

ఆ మాట ఆయన జీవితానికే వర్తిస్తుందని అప్పుడు నాకు తెలియదు. కిందటేడు ఆయనకు గుండెపోటు వచ్చింది. రాజమండ్రి డాక్టరుగారు ఇంటికి పంపుతూ, బరువులు ఎత్తవద్దని గట్టిగా చెప్పారు. పెళ్ళిళ్ళు మానేశారు. పెద్ద కెమెరా బీరువా ఎక్కింది. అంతా సద్దుమణిగిందనుకుంటున్న సమయంలో చింతలలంక రేవు దగ్గర వంతెన పూర్తికావచ్చిందన్న కబురు తెలిసింది. వంతెన తెరిస్తే, ఇన్నాళ్ళూ మనుషుల్నీ సామాన్లనీ ఏరు దాటించిన పంటు పడవ ఆగిపోతుంది. ఆ పంటు మీదే లంక పిల్లలు బడికి వెళ్ళారు, అరటిగెలలు సంతకి వెళ్ళాయి, పెళ్ళికూతుళ్ళు అత్తవారిళ్ళకి వెళ్ళారు. అది ఆగేలోగా తీసెయ్యాలని బాబాయ్ పట్టుబట్టారు. పొద్దుటి మొదటి ట్రిప్పు నుంచి ఆ పంటు ఆఖరి ట్రిప్పు దాకా ఉన్న వీడియో కావాలి, ఇదొక్కటీ అయితే ఇంట్లో కూర్చుంటానన్నారు.

చివరికి పిన్ని ఒక షరతు పెట్టింది.

"సంచీ నేను ఒంటిచేత్తో ఎత్తి చూస్తాను. నా చెయ్యి లాగిందా, గుమ్మం దాటడానికి లేదు."

"నీ చెయ్యేంటే, బిందెలు మోసిన చెయ్యి!"

"ఎడంచేత్తో ఎత్తుతానులెండి."

ఆ సర్దుడు నేను మర్చిపోలేను. ఆయన సర్దడం, పిన్ని ఎత్తి కింద పెట్టి తల అడ్డంగా ఊపడం. లైటు బయటికి వచ్చింది. "ఏట్లో సూర్యుడుండగా దీపమెందుకులే" అన్నారు. రెండో లెన్సు వచ్చింది. మందుల డబ్బా తియ్యబోతే పిన్ని చేతిమీద కొట్టింది. చివరికి తేలవలసింది స్టాండు. దాన్ని వదలడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ జబ్బు తర్వాత చేతులు వణుకుతున్నాయని మాకు చెప్పలేదు గాని, అన్నం కలుపుతున్నప్పుడు మేము చూస్తూనే ఉన్నాం. స్టాండు మోస్తే గుండె ఊరుకోదు, మోయకపోతే బొమ్మ నిలవదు. సంచీ ముందు చతికిలబడి, "నా చేతుల్ని నమ్మి తీయలేనమ్మడూ" అన్నారు మెల్లగా. ఆయన నోట అలాంటి మాట అదే మొదటిసారి వినడం.

పిన్ని లేచి లోపలికెళ్ళింది. పాత దిండుగలేబు ఒకటి తెచ్చి, మూతికి నాడా కుట్టి ఆయన ఒళ్ళో పడేసింది. "గోదాట్లో ఇసకకి కరువా? రేవులో నింపుకోండి. దానిమీద పెట్టుకోండి మీ కెమెరాని. వచ్చేటప్పుడు అక్కడే పారబొయ్యండి" అంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఖాళీ గలేబుకి బరువేముంది? పిన్ని ఎడంచేత్తో సంచీ ఎత్తి గుమ్మం దగ్గర పెట్టింది.

పంటు నడిపే నూకరాజు ఆ దిండును చూసి, "పడకేత్తారేంటండీ పంటు మీద?" అన్నాడట. రెండోసారి నేనూ వెళ్ళాను. ఇసుక నింపిన గలేబును ఒళ్ళో పెట్టుకుని, అందులో కెమెరా గుచ్చి, అరటిగెలల మధ్య బాబాయ్ కూర్చున్నారు. బొమ్మ కదలలేదు. ఒక ముసలమ్మ వచ్చి, "నా మొహం ఎందుకు బాబూ, నీళ్ళు తీసుకో, బాగుంటాయి" అంది. "నీళ్ళు రేపూ ఉంటాయమ్మా, నువ్వు ఈ పంటు మీద రేపుండవు" అన్నారాయన. ఆవిడ కొంగు సర్దుకుని కూర్చుంది.

దిగేటప్పుడు ఆయన నూకరాజు భుజం తట్టి, "వంతెన తెరిచే రోజు ఆఖరి ట్రిప్పుకి వస్తాను. నేనెక్కకుండా వదలకు" అన్నారు.

"మీరు లేకుండా వదుల్తానేంటండీ! ఆయ్!" అన్నాడు నూకరాజు.

ఆ ప్రయాణానికే ఆయన ఆ మధ్యాహ్నం బ్యాటరీలు చార్జింగుకి పెట్టింది.

వంతెన తెరిచేనాటికి మేము ఇంకా మైలలో ఉన్నాం. మైలలో ఉన్నవారు శుభకార్యాల ఛాయలకు పోకూడదు. ఇంట్లో ఆయన సంచీ సర్దినట్టే ఉంది. ముట్టుకునేవారు లేరు. ఆ సాయంత్రం ఎదురింటి టీవీలో వార్తలు వినిపించాయి. వంతెన, పూలు, కొబ్బరికాయలు, ఉపన్యాసాలు. పెద్ద పెద్ద కెమెరాలే వచ్చాయట. వాటిలో ఒక్కటైనా రేవు వైపు తిరిగిందేమోనని ఊరంతా అడిగి చూశాను. తిరగలేదు.

పెద్దకార్యం నాటి మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నూకరాజు వచ్చాడు. పందిరి బయటే నిలబడ్డాడు. పిన్ని లోపల ఉందంటే, "మీతోనే చెబుతానండి అమ్మాయిగారూ" అని అరుగు అంచున కూర్చున్నాడు.

"నాకు తెలవలేదండీ. లంకలో మాకెవరు చెబుతారండి? ఆఖరి ట్రిప్పుకి వత్తానన్నారు కదాని పంటు కట్టేసి ఉంచానండి. జనం ఎక్కేసి కూర్చున్నారు. కదల్చవేంట్రా అని తిట్టారండి. వీడియోగారు రావాలి, ఆగండన్నాను. బస్సొచ్చినప్పుడల్లా చూశానండి. సందెపొద్దు దాటిపోయాక, ఇంక లాభంలేదని..." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఎప్పుడూ ఎదర ఒడ్డు చూసి నడుపుతానండి. ఆ పూట ఎనక్కి తిరిగే ఉన్నాను, రోడ్డు కేసి. వీడియోగారు రావడం కనబడితే తిప్పుకొద్దామని."

నేను భోజనానికి లేవమన్నాను. అతను అన్నం తిననన్నాడు. పిన్ని వచ్చి విస్తరి వేసింది. అప్పుడు తిన్నాడు.

ఆ వీడియో ఇప్పుడు నడి ఏట్లో ఆగిపోయి ఉంది. ఉన్నంతవరకూ వేస్తామని కేబుల్ వాళ్ళు అడుగుతున్నారు. వ్యాఖ్యానం రాసిన కాగితాలు నా దగ్గరున్నాయి. వాటిలో ప్రతి వాక్యం ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటారో తెలిసి, ఆ కొలతకి రాసినది. వేరే గొంతుకు అవి నప్పవు. ఆఖరి ట్రిప్పుకి ఆ మాటలు కూడా లేవు. దాన్ని చూసినవాడు నూకరాజు, చూపించవలసినవారు ఇక లేరు.

అందుకే అతను అరుగుమీద చెప్పినది చెప్పినట్టు ఇక్కడ రాశాను. మాట మసకైతే లేచిపోతారన్న మనిషికి నేనివ్వగలిగిన నివాళి ఇంతే. కానీ "ఇంక లాభంలేదని" అన్నచోట నూకరాజు గొంతు ఎలా ఆగిపోయిందో ఈ కాగితంలో వినిపించదు. అది పట్టుకోగల చెయ్యి, వణికినా సరే, ఈ గోదావరి గట్ల మీద ఒక్కటే ఉండేది. ఆ చేతికి నా నమస్కారం.