అవ్వ లేచేదాకా ఆగే పాట

గుంతకల్లులో ఉదయం ఏడుంబావు ప్యాసింజరు ఎక్కేటప్పుడు నా దగ్గర రెండు వస్తువులున్నాయి. మా అమ్మ వండిన మాంసం కూర ఉన్న స్టీలు క్యారియరు ఒకటి, డ్రమ్ము పుల్లల సంచి ఒకటి. కూర క్షమాపణకు, పుల్లలు ఆశకు. సండూరులో ఉండే జోజప్ప నాతో మాట్లాడి రెండేళ్ళయింది. తప్పు నాదే. అది ముందే చెప్పేస్తే మిగతా ప్రయాణం తేలిగ్గా చెప్పగలను.

జోజప్ప గిటారు, నేను డ్రమ్ములు. మేము వాయించేది డూమ్ మెటల్. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: గిటారు తీగలు వదులు చేసి, శబ్దాన్ని బొంగురుగా పెట్టి, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య నిండా ఊపిరి పీల్చి వదిలేంత ఎడమిచ్చి వాయించే సంగీతం. చాలామంది దీన్ని చావు గురించీ చీకటి గురించీ వాయిస్తారు. జోజప్ప కతోలికుడు. అతను పాపం గురించీ, పశ్చాత్తాపం గురించీ, దేవుడి ముందు మోకరించడం గురించీ వాయిస్తాడు. మేము చేసిన ఒకే ఒక్క పాట పద్నాలుగు నిమిషాలుంటుంది. సిలువ మోస్తూ క్రీస్తు మూడుసార్లు పడటం దాని విషయం. మధ్యలో జోజప్ప అవ్వ ఆరోగ్యమ్మ పాత పుస్తకంలోని పశ్చాత్తాప జపం చెబుతుంది. ఆమె గొంతును రికార్డు చేసింది నేనే.

పద్నాలుగు నిమిషాలు ఎవరు వింటారు అనుకున్నాను. జోజప్పకు మాటైనా చెప్పకుండా, కంప్యూటరులో ఆ పాటను తరిమి తరిమి ఐదు నిమిషాలకు తెచ్చి, నా పేరుతో నెట్‌లో పెట్టాను. అవ్వ జపం కూడా దాంతోపాటే పరుగెత్తి కీచుమంది. జనం నవ్వుకుంటూ ఒకరికొకరు పంపుకున్నారు. జోజప్ప ఒక్క మెసేజి పెట్టాడు, "అది మా అవ్వ జపమప్పా" అని. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. సిగ్గుపడి వెంటనే తీసేశానని రాయాలనే ఉంది, కానీ పొగడ్తలు రుచి మరిగి దాదాపు రెండేళ్ళు ఉంచాను. పోయిన నెల మా అమ్మ దాన్ని విని, ఈ ముసలామె ఎవరు, ఎందుకు నవ్వులాటకు పెట్టినారు అని అడిగింది. ఆ రోజే తీసేశాను. ఊరికే తీసేస్తే చాలదు, వాళ్ళింటికి పోయి రా అని కూర వండింది కూడా అమ్మే.

ఎనిమిదిన్నరకు బళ్ళారిలో దిగాను. స్టేషను ముందు నాలుగు ఇడ్లీలు తిని, ఆటోలో బస్టాండుకు పోయేసరికి తొమ్మిదింబావుకు సండూరు బస్సు సిద్ధంగా ఉంది. పక్క సీట్లో కురుగోడు నుంచి వచ్చిన పెద్దామె, కూతురింటికి పోతోంది. ఆధారు కార్డు చూపించి కర్ణాటక ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్టు తీసుకుని, ఆంధ్రా మగవాణ్ణైన నేను టికెట్టు కొంటుంటే జాలిగా చూసింది. క్యారియరు వాసన పట్టి ఎవరికని ఆరా తీసింది. స్నేహితుణ్ణి క్షమాపణ అడగాలని చెప్పాను.

"కూర సల్లారక ముందే అడుగప్పా," అంది.

తోరణగల్లు దాటాక రోడ్డంతా ఖనిజం లారీలే. చెట్లూ, కొట్ల బోర్డులూ, నా చొక్కా మడతలూ అన్నీ ఒకే ఎరుపు. పదకొండూ ఇరవైకి సండూరులో దిగి, నడుచుకుంటూ వాళ్ళింటికి పోయాను.

తలుపు తీసింది అవ్వే. ఎనభై దాటిన మనిషి, చిన్న ముఖం. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియనివ్వకుండా లోపలికి రమ్మంది. క్యారియరు మూత తీసి, చూసి, మళ్ళీ పెట్టేసింది.

"ఈ పొద్దు శుక్రవారం నాయనా. తపస్సు కాలం," అంది.

ఈస్టరుకు ముందు నలభై రోజులూ వాళ్ళకు తపస్సు కాలం. అందులో శుక్రవారం మాంసం ముట్టరు. మూడేళ్ళు ఆ ఇంట్లో డ్రమ్ములు బాది, ఆ ఇంటి అన్నం తిన్నవాణ్ణి, ఆ సంగతి మరిచి ఏ రోజు రాకూడదో ఆ రోజే మాంసంతో దిగాను. నేల చీలితే దూరిపోదును. ఇంతలో జోజప్ప వచ్చాడు. లారీలు తూచే కాటా దగ్గర అతని ఉద్యోగం, ఆ రోజు సెలవు పెట్టాడట. క్యారియరు తీసుకుపోయి, కూరను కాటా దగ్గరున్న డ్రైవర్లకు పెట్టి వచ్చాడు.

గోడకున్న గిటారును ఊదారంగు గుడ్డలో చుట్టి ఉంచారు. ఈస్టరు దాకా దాన్ని విప్పరట. నా పుల్లల సంచిని మెల్లగా మంచం కిందికి తోశాను. ఒంటిగంటకు జొన్నరొట్టె, పుండికూర (గోంగూరే), శనగవిత్తనాల చట్నీ పెట్టారు. రొట్టె తుంచుతూ చేసిందంతా చెప్పి, క్షమించమని అడిగాను. జోజప్ప ఇంకో రొట్టె నా కంచంలో వేశాడు.

"సాయంత్రం సిలువ మార్గం ఉండాది. రా. మాట్లాడేది తర్వాత," అన్నాడు.

నాలుగు గంటలకు, వాళ్ళు గుడి అనే చర్చి వెనక గుట్టమీదికి బయల్దేరాం. దారిపొడుగునా పద్నాలుగు సిలువలు. ఒక్కో దాని దగ్గర ఆగి, క్రీస్తు చివరి నడకలో ఒక ఘట్టం చదివి, మోకరించి, జపం చెప్పి ముందుకు పోవాలి. నలభై మందిమి ఉంటాం. మూడో సిలువ దగ్గర జపం కాగానే, నా అలవాటు ప్రకారం నేను నాలుగోదాని వైపు నడిచేశాను. పది అడుగులు వేశాక వెనకెవరూ లేరని తెలిసింది. తిరిగి చూస్తే అందరూ అక్కడే నిలబడి ఉన్నారు. అవ్వ ఇంకా లేవలేదు. అందరికన్నా పెద్దమనిషి లేచేదాకా అక్కడ ఎవరూ కదలరు, ఫాదర్ కూడా.

గబగబా వెనక్కి వచ్చి అవ్వ పక్కన నిలబడ్డాను. నాలుగో సిలువ నుంచి ఆమె నా భుజం పట్టుకుని మోకరించింది, నా భుజం పట్టుకునే లేచింది. ఒక మోకాలు ఆనుతుంది, కాసేపాగి రెండోది. జపం. ఒక కాలు నిలుపుకుంటుంది, ఊపిరి పీల్చుకుంటుంది, రెండో కాలు. నాలో డ్రమ్ములవాడు ఊరుకుంటాడా, లెక్కపెడుతూనే ఉన్నాడు. ఐదోదాని దగ్గర తెలిసింది. మా పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య జోజప్ప పట్టుబట్టి పెట్టించిన ఎడం సరిగ్గా ఇదే. ఆగు, ఇంకొంచెం ఆగు అని నన్ను సతాయిస్తుంటే చాదస్తం అనుకున్నాను. నేను తరిమింది ఈ మోకాళ్ళను. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, దుమ్ము పడిందని కూడా బొంకలేదు.

ఆ గుడిలో తపస్సు కాలమంతా గంట కొట్టరట. బదులుగా తాడుతో కట్టిన రెండు చెక్కపలకలను టపుమనిపిస్తున్నారు. అవ్వ లేవగానే ఒక్క దెబ్బ, అప్పుడు జనం కదులుతారు. అది జోజప్ప చేతిలో ఉంది. ఏడో సిలువ క్రీస్తు రెండోసారి పడిన ఘట్టం. అక్కడ అవ్వ లేస్తుండగా అతను దాన్ని నా చేతిలో పెట్టాడు. నేను ఆగాను. ఆమె రెండో కాలు నిలిచాక కొట్టాను. అక్కణ్ణుంచి పద్నాలుగోదాని దాకా నేనే. బతుకులో నేను వాయించినవాటిలో అంతకన్నా మంచిది లేదు.

గుట్ట దిగుతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"పాటలో నన్ను పరిగెత్తించింది నువ్వేనంట గదా."

"నేనేనవ్వా. తప్పయింది."

"ఈడ బాగ నిలబడితివి," అని, నాలుగడుగులు వేశాక, "ఈస్టరుకు మీ అమ్మను ఆ కూరే చేసియ్యమను. ఈసారి వారం చూసుకోని రా," అంది.

జోజప్ప నవ్వాడు. రెండేళ్ళ తర్వాత విన్న నవ్వు. పండగ కాగానే పాటను మళ్ళీ మొదట్నుంచి రికార్డు చేద్దామనీ, పద్నాలుగు నిమిషాల్లో ఒక్క సెకను తగ్గినా గిటారుతో కొడతాననీ అన్నాడు. మంచం కింది పుల్లల సంచిని తీసుకోనివ్వలేదు, ఎలాగూ వస్తావు కదా అని.

ఆరుంబావు బస్సుకు బళ్ళారి బయల్దేరాను. ఒళ్ళో క్యారియరు, అందులో అవ్వ పెట్టిన పుండికూర. ఆ గుట్టకు పోవాలనుకునేవాళ్ళు తపస్సు కాలంలో ఏ శుక్రవారమైనా పోవచ్చు, నాలుగింటికల్లా గుడి దగ్గరుంటే చాలు. మాంసం పట్టుకుపోకండి. ముందుకు నడవకండి. తోరణగల్లుకు ఇవతల ఒక ఖనిజం లారీ దారికడ్డంగా మెల్లగా పాకుతుంటే బస్సంతా విసుక్కుంది. పక్కనున్నాయన తొందర లేదా అప్పా అని అడిగాడు. లేదన్నాను. క్యారియరు మూతమీద వేలితో ఒక దెబ్బ వేసి, అవ్వ లేచేదాకా ఆగాను.